నిత్య యాజకుడు, నమ్మకమైన సాక్షి: స్ముర్న సంఘ లేఖపై ఒక విమర్శ

ఒక మతం వారి గ్రంథాన్ని మరొక మతం వారు చదివేటప్పుడు సిద్ధాంతం కంటే ముందు మాట అడ్డుపడుతుంది. క్రైస్తవుల తొలి శతాబ్దాల సాహిత్యంలో ముస్లిం పాఠకునికి ఈ విధంగా అడ్డుపడే మాటలు ముఖ్యంగా రెండు ఉన్నాయి. ఒకటి 'యాజకుడు', రెండవది 'సాక్షి'.

అరబీ మాట్లాడే క్రైస్తవులు యాజకుణ్ణి 'కాహిన్' అంటారు. హీబ్రూలోని 'కోహెన్' అనే మాటకు ఇది సోదర పదం. బలిపీఠం ఎదుట దైవసేవ చేసేవాడని అక్కడ దాని అర్థం. కాని అరబీ చదువుకున్న ముస్లిం చెవికి కాహిన్ అంటే జోస్యం చెప్పేవాడు. ప్రవక్త ముహమ్మద్ (స) కాహిన్ కారని దివ్యఖుర్ఆన్ (52:29, 69:42) స్పష్టం చేసింది. కనుక హజ్రత్ ఈసా (అ)ను ఎవరైనా కాహిన్ అని పేర్కొంటే ఆ పాఠకుడు ఉలిక్కిపడటం సహజం. తెలుగు బైబిలు వాడిన 'యాజకుడు' అనే మాటకు ఈ దోషం లేదు గాని, అందులో యాగం ఉంది, హోమధూమం ఉంది. ఆ వాసన కూడా మూలంలో లేనిదే.

ఇక రెండవ మాట. గ్రీకులో 'మార్తుస్' అంటే న్యాయస్థానంలో నిలబడి తాను ఎరిగినది చెప్పేవాడు. ప్రకటన గ్రంథం ఆరంభంలో (1:5) యేసును నమ్మకమైన సాక్షిగా వర్ణించినప్పుడు వాడిన మాట ఇదే. తెలుగు బైబిలు ఆ చోట 'సాక్షి' అనీ, అదే గ్రంథంలో మరొక చోట (17:6) 'హతసాక్షి' అనీ అనువదించింది. మూలంలో మాట ఒకటే. చంపబడటం అనే అర్థాన్ని అనువాదకులు అవసరాన్ని బట్టి ముందు చేర్చారు. ఈ చేర్పు తప్పని అనలేము. అయితే ఒక మాట ముందు మరొక మాట చేరినప్పుడు, చదివేవారి దృష్టి మొదటి దానిపైనే నిలుస్తుంది. సాక్ష్యం వెనుకబడుతుంది, చావు ముందుకు వస్తుంది. తొలి క్రైస్తవ సంఘంలో జరిగిన చరిత్ర కూడా చాలావరకు ఇదే.

ఈ రెండు మాటలు ఒకేచోట కలిసిన ప్రాచీన రచన స్ముర్న సంఘం ఫిలోమెలియం సంఘానికి వ్రాసిన లేఖ. స్ముర్న నేటి తుర్కియేలోని ఇజ్మీర్ నగరం. ఆ సంఘపు బిషప్పు పోలికార్పును రోమన్ అధికారులు సజీవంగా దహింప సంకల్పించిన వృత్తాంతం ఈ లేఖలో ఉంది. ఘటన క్రీ.శ. 155 లేదా 156లో జరిగిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. క్రీస్తు యాజకత్వం శాశ్వతమైనదైతే, ఆయన కోసం చనిపోయిన మనిషి రక్తానికి స్థానమేమిటి? అది సాక్ష్యమా, మరొక బలియా? ఈ ప్రశ్నకు లేఖ ఇచ్చిన సమాధానంలో బలమూ ఉంది, బలహీనతా ఉంది. రెండింటినీ విడదీసి చూడటం అవసరం.

హెబ్రీ పత్రిక చెప్పే యాజకత్వం

యేసును యాజకునిగా విపులంగా వర్ణించిన రచన కొత్త నిబంధనలో ఒక్కటే. అది హెబ్రీయులకు వ్రాసిన పత్రిక. దాన్ని ఎవరు వ్రాశారో నిజంగా దేవునికే తెలుసునని మూడవ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిగెన్ అభిప్రాయపడ్డాడు. పత్రికలోని వాదం మాత్రం చాలా స్పష్టంగా సాగుతుంది. తౌరాత్ ధర్మం ప్రకారం యాజకులు లేవీ గోత్రం వారు. యేసు యూదా గోత్రంలో పుట్టినవాడు. మరి ఆయన యాజకుడెలా అవుతాడు? దీనికి పత్రికాకర్త ఆదికాండం 14వ అధ్యాయంలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అ)ను ఆశీర్వదించిన మెల్కీసెదెకును ముందుకు తెస్తాడు. ఆయన తల్లిదండ్రుల పేర్లు గాని, జనన మరణాలు గాని ఆ గ్రంథంలో లేవు. 110వ కీర్తనలో మెల్కీసెదెకు క్రమంలో నిరంతరం యాజకుడైన ఒకరి ప్రస్తావన ఉంది. ఈ రెండింటినీ కలిపి, వంశాన్ని బట్టి గాక నశించని జీవాన్ని బట్టి నిలిచే యాజకత్వం ఒకటి ఉన్నదని పత్రిక నిరూపింపజూస్తుంది.

ఈ వాదంలో కీలకం 'ఒక్కసారే' అనే మాట. లేవీ యాజకులు అనేకులు, ఎందుకంటే వారిలో ఒక్కొక్కరూ మరణిస్తూ ఉంటారు. వారి బలులు కూడా అనేకం, ఎందుకంటే ఏ ఒక్కటీ పని పూర్తిచేయదు. యేసు ఒకే ఒకసారి తనను తాను అర్పించుకొని పనిని ముగించాడని పత్రిక ఉద్ఘాటిస్తుంది (9, 10 అధ్యాయాలు). వారు ప్రతిరోజూ నిలబడి బలులు అర్పిస్తుంటే ఈయన ఆసీనుడైనాడట. నిలబడటం పని మిగిలి ఉన్నదనడానికి గుర్తు, కూర్చోవడం పని తీరినదనడానికి గుర్తు.

ఇదే పత్రిక 11వ అధ్యాయంలో హాబీలు మొదలుకొని పూర్వ విశ్వాసుల పెద్ద జాబితా ఒకటి ఇచ్చి, 12వ అధ్యాయం మొదట్లో వారందరినీ మేఘంలా కమ్ముకొన్న సాక్షుల సమూహంగా చిత్రించింది. వారిలో రాళ్ల దెబ్బలు తిన్నవారూ, కత్తికి బలైనవారూ ఉన్నారు. అయినా వారిలో ఒక్కరి రక్తమైనా ఎవరి పాపాన్నైనా కడిగిందని పత్రిక అనదు. యాజకుడు ఒక్కడు, సాక్షులు అనేకులు. ఈ సరిహద్దును పత్రిక ఎక్కడా దాటలేదు.

స్ముర్న లేఖలోని బలం

స్ముర్న లేఖ తన కథను పోలికార్పుతో ప్రారంభించదు. అంతకు ముందే మృగాల ఎదుట నిలిచినవారిని ప్రస్తావించి, క్వింటస్ అనే ఒక ఫ్రుగియ దేశస్థుని సంగతి చెబుతుంది. ఇతడు ఎవరూ పిలవకుండానే అధికారుల ముందుకు వెళ్లాడు, మరికొందరిని కూడా ఉసిగొలిపాడు. తీరా మృగాలను చూసేసరికి ధైర్యం జారిపోయి, గవర్నరు చెప్పినట్లు ప్రమాణం చేసి బలి అర్పించాడు. తమంతట తామే చావుకు ఎదురువెళ్లేవారిని తాము మెచ్చుకోబోమని లేఖ నిర్మొహమాటంగా తీర్పు చెప్పింది. వీరమరణాన్ని కీర్తించడానికి పూనుకొన్న రచన తన తొలి పుటలలోనే ఇటువంటి హెచ్చరిక చేయడం విశేషం.

పోలికార్పు ప్రవర్తన దీనికి భిన్నమైనది. సంఘస్థుల మాట విని ఆయన నగరం విడిచి ఒక పొలంలోని ఇంటికి వెళ్లాడు. వెతుకుతున్నారని తెలిసి మరొక పొలానికి మారాడు. చిత్రహింసకు తాళలేక ఒక బానిస బాలుడు జాడ చెప్పిన తరువాత, ఇక పారిపోలేదు. పట్టుకోవడానికి వచ్చినవారికి అన్నపానాలు పెట్టించి, ప్రార్థనకు ఒక గంట అడిగి, రెండు గంటలు నిలబడి తాను ఎరిగినవారందరి కోసం ప్రార్థించాడు. క్రీడారంగంలో గవర్నరు ఆయన ముసలితనాన్ని చూసి, చక్రవర్తి పేర ప్రమాణం చేసి క్రీస్తును దూషిస్తే విడిచిపెడతానన్నాడు. 86 సంవత్సరాలుగా తాను సేవిస్తున్నవాడు తనకు ఏ కీడూ చేయలేదనీ, అటువంటి రాజును ఎలా దూషించగలననీ ఆ వృద్ధుడు బదులు చెప్పాడు. మేకులు కొట్టవలసిన పనిలేదు, నిలబడే శక్తి ఇచ్చేవాడే ఇస్తాడని చెప్పి, తాళ్లతో కట్టించుకొన్నాడు.

చితిపై ఆయన చేసిన ప్రార్థన లేఖకు గుండెకాయ వంటిది. అందులో ఆయన తనను అంగీకృతమైన బలిగా స్వీకరించమని దేవుణ్ణి వేడుకొంటాడు. పైకి చూస్తే ఇది హెబ్రీ పత్రిక గీసిన గీతను దాటినట్లే ఉంటుంది. కాని ప్రార్థన ముగింపును గమనించాలి. స్తుతి అంతా నిత్యుడూ, పరలోకస్థుడూ అయిన ప్రధాన యాజకుడు యేసు ద్వారా దేవునికి చేరాలని ఆయన కోరుతాడు. అనగా పోలికార్పు అర్పించేవాడు కాడు. ఎవరి పాపాల కోసమూ తాను చనిపోతున్నానని ఆయన అనలేదు. యాజకుని స్థానం నిండి ఉన్నది కనుక ఆ స్థానం తనది కాదని ఆయనకు తెలుసు.

ఈ మాట ఎవరో తరువాత ఆయన నోట పెట్టినది కావచ్చునని అనుమానించేవారు ఒక సంగతి చూడాలి. పోలికార్పు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన లేఖ ఒకటి వేరుగా లభ్యమవుతున్నది. దాని 12వ అధ్యాయం లాటిన్ అనువాదంలో మాత్రమే మిగిలింది. అక్కడ కూడా ఆయన యేసును నిత్య ప్రధాన యాజకునిగా పేర్కొన్నాడు. ఆ యాజకుని నుంచి ఆయన కోరిన వరాలు సత్యం, మృదుత్వం, కోపం లేకపోవడం, ఓర్పు, పవిత్రత. వెంటనే రాజుల కోసమూ, తమను హింసించేవారి కోసమూ ప్రార్థించమని బోధించాడు. ఆ చోట రక్తం ప్రసక్తే లేదు. నిత్య యాజకత్వం అనే సిద్ధాంతం ఈ మనిషి జీవితంలో ఓర్పుగా పండిందన్నమాట.

లేఖలోని బలహీనత

అయితే లేఖ వ్రాసినవారు తమ నాయకుడు పాటించిన మితాన్ని తాము పాటించలేకపోయారు. అగ్ని ఆయన దేహాన్ని తాకక, గాలికి నిండిన ఓడ తెరచాపలా చుట్టూ నిలిచిందట. ఆ మధ్య ఆయన కాలుతున్న మాంసంలా గాక, పొయ్యిలోని రొట్టెలా, కొలిమిలోని బంగారంలా కనిపించాడట. సాంబ్రాణి వంటి సువాసన వచ్చిందట. చివరకు కత్తితో పొడిచినప్పుడు పావురం ఒకటి వెలువడి, రక్తం ప్రవహించి మంటను ఆర్పిందట. నాల్గవ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ తన గ్రంథంలో ఈ లేఖను ఎత్తివ్రాసినప్పుడు పావురం ప్రస్తావన అందులో లేదు. అది తరువాతి చేర్పు అనడానికి ఇది బలమైన ఆధారం. రొట్టె, సాంబ్రాణి, మందలో నుంచి ఎన్నిక చేసిన పొట్టేలు, ఇవన్నీ బలిపీఠపు సామగ్రి. న్యాయస్థానంలో మొదలైన సాక్ష్యం ఈ విధంగా బలిపీఠం మీదికి జరిగింది.

రెండవ లోపం పోలిక. పోలికార్పును గాడిదపై ఎక్కించి నగరంలోకి తేవడం, పట్టుకొన్న అధికారి పేరు హేరోదు కావడం, ఇంటివారే పట్టించడం వంటి వివరాలను సువార్త కథతో సరిపోలేటట్లు లేఖ నొక్కి చెబుతుంది. ఇది చరిత్రకు మేలు చేయదు. కాండిడా మాస్ అనే పండితురాలు 2010లో ఈ లేఖ ప్రస్తుత రూపం మూడవ శతాబ్దానిదని వాదించడానికి ఇటువంటి లక్షణాలే అవకాశమిచ్చాయి. ఆ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. అయినా లేఖపై తరువాతివారి చేయి పడిందనడం నిరాకరింపరానిది.

మూడవ లోపం మరింత బాధాకరమైనది. చితికి కట్టెలు పోగుచేయడంలో యూదులు అందరికంటే ముందున్నారనీ, అది వారి అలవాటేననీ లేఖ వ్రాసింది. శిక్ష విధించినవాడు రోమన్ గవర్నరు. ఒక జాతి మొత్తానికి దుర్గుణాన్ని అంటగట్టే ఈ ధోరణి తరువాతి శతాబ్దాలలో ఎంత కీడు చేసిందో లోకానికి తెలుసు. ఒక జనంపై గల విరోధం న్యాయాన్ని విడిచేలా చేయరాదని దివ్యఖుర్ఆన్ (5:8) ఆదేశించింది. ఆ ఆదేశానికి కట్టుబడిన పాఠకుడు ఈ వాక్యాన్ని మౌనంగా దాటిపోకూడదు.

సరిహద్దు కోసం జరిగిన పెనుగులాట

సాక్ష్యం బలిగా మారే ప్రమాదాన్ని క్రైస్తవులే గుర్తించారు. క్రీ.శ. 177లో గాల్ దేశపు లియోన్ నగరంలో హింసలకు గురైనవారి వృత్తాంతాన్ని యూసేబియస్ భద్రపరిచాడు. మృగాల బారి నుంచి తిరిగివచ్చి, కాలిన గాయాలతో చెరసాలలో పడి ఉన్న ఆ మనుషులు తమను సాక్షులని పిలవనిచ్చేవారు కారు. నమ్మకమైన సాక్షి అనే బిరుదు క్రీస్తుదేననీ, ఆ తరువాత సాక్ష్యాన్ని చావుతో పూర్తిచేసుకొన్నవారిదనీ, తాము కేవలం ఒప్పుకొన్నవారమేననీ వారి వాదన. బ్లాందినా అనే బానిస స్త్రీ చనిపోయింది ఆ ఘట్టంలోనే. బిరుదును తిరస్కరించిన ఈ వినయం ముందు స్ముర్న లేఖలోని సాంబ్రాణి సువాసన వెలవెలబోతుంది.

మూడవ శతాబ్దం వచ్చేసరికి పరిస్థితి మారింది. చెరసాలలో ఉన్నవారు ఇతరుల పాపాలకు క్షమాపణ ఇప్పించగలరనే నమ్మకం ప్రబలింది. కార్తేజుకు చెందిన తెర్తుల్లియన్ దీన్ని తీవ్రంగా ఖండించాడు. తన చావుతో మరొకరి చావును తీర్చగలిగినవాడు దేవుని కుమారుడు తప్ప ఎవరున్నారని ఆయన ప్రశ్న. కాని 235 ప్రాంతంలో ఒరిగెన్ వ్రాసిన ఉద్బోధ గ్రంథం దీనికి ఎదురుదారి పట్టింది. ప్రధాన యాజకుడు తనను తాను అర్పించుకొన్నట్లే, ఆయన క్రింది యాజకులైన హతసాక్షులూ తమను అర్పించుకొంటారనీ, వారి సేవ వల్ల ఇతరులకు పాపక్షమ లభిస్తుందనీ అందులో ఉంది. హెబ్రీ పత్రిక మూసిన తలుపు ఇక్కడ తెరుచుకొంది. 250లో దేకియస్ చక్రవర్తి హింసాకాండ తరువాత, విశ్వాసం విడిచి తిరిగివచ్చినవారికి చెరసాలలోని వారు క్షమాపత్రాలు ఇవ్వసాగారు. కార్తేజు బిషప్పు సిప్రియన్ దాన్ని అదుపుచేయడానికి ఎంతో శ్రమపడ్డాడు. ఆ సిప్రియన్ కూడా 258లో శిరచ్ఛేదనకు గురయ్యాడు. సాక్షి మహిమను తగ్గించడానికి ఆయన ప్రయత్నించలేదు, యాజకుని స్థానాన్ని సాక్షి ఆక్రమించకుండా చూశాడు.

ముస్లిం పాఠకుని స్థానం

హెబ్రీ పత్రిక పునాదిని ఇస్లాం అంగీకరించదు. ఈసా (అ) శిలువపై చంపబడలేదని దివ్యఖుర్ఆన్ (4:157) ప్రకటన. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది దాని మూలసూత్రం (6:164, 35:18). ఖుర్బానీ పశువు రక్తమాంసాలు గాక భక్తిశ్రద్ధలే అల్లాహ్‌ను చేరుతాయని 22:37 బోధ. ఈ విభేదాన్ని దాచడం స్నేహం కాదు, నిజాయితీ అంతకన్నా కాదు. అయితే ఖండించదలచినవారు ఉన్నదాన్నే ఖండించాలి. చనిపోయిన ప్రతి క్రైస్తవుణ్ణీ ఆ మతంవారు మరొక పాపపరిహారకునిగా భావించారని కొన్ని వాదగ్రంథాలు వ్రాస్తుంటాయి. స్ముర్న లేఖే 17వ అధ్యాయంలో తాము ఆరాధించేది క్రీస్తును మాత్రమేననీ, హతసాక్షులను ఆయన శిష్యులుగా ప్రేమిస్తామనీ తేల్చి చెప్పింది. అదే సమయంలో పోలికార్పు ఎముకలను రత్నాలకంటే విలువైనవిగా ఏరి దాచుకొన్నామని కూడా చెప్పింది. ప్రేమ ఎక్కడ ఆగాలో వారికి తెలుసు, ఆపడం మాత్రం కష్టమైంది. సమాధులపై చాదర్లు కప్పి మొక్కులు మొక్కుకొనే ముస్లింలు ఉన్న సమాజంలో ఈ మాటను పరాయి మతం తప్పుగా మాత్రమే చదవడం చెల్లదు.

అగ్నిలో నిలిచిన విశ్వాసుల కథ ముస్లింలకు కొత్త కాదు. సూరా అల్ బురూజ్ (85:4-8)లోని కందకం వారి వృత్తాంతాన్ని ముఫస్సిర్లు పలు విధాలుగా వివరించారు. వారిలో చాలామంది దీన్ని యెమెన్ రాజు జూనువాస్ చేతిలో నజ్రాన్ క్రైస్తవులు దహింపబడిన ఘటనతో ముడిపెట్టారు. అది క్రీ.శ. 523 ప్రాంతంలో జరిగింది. సర్వశక్తుడైన అల్లాహ్‌ను విశ్వసించడం తప్ప వారు చేసిన నేరం లేదని ఆ సూరా వారి పక్షాన పలుకుతుంది. అక్కడ వారి రక్తం ఎవరినీ విమోచించలేదు. వారి సాక్ష్యం మాత్రం ప్రళయం దాకా పఠింపబడే వచనాలలో నిలిచింది.

క్వింటస్ ఉదంతానికి కూడా ఇస్లామీ సంప్రదాయంలో దగ్గరి పోలిక ఉంది. శత్రువును ఎదుర్కోవాలని కోరుకోవద్దనీ, ఎదురైతే మాత్రం స్థిరంగా నిలవమనీ ప్రవక్త (స) బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. హింసకు లోబడి నోటితో ఒక మాట అన్నా హృదయం విశ్వాసంతో నిండి ఉన్నవారికి 16:106 వెసులుబాటు ఇచ్చింది. ఇది హజ్రత్ అమ్మార్ (రజి) విషయంలో అవతరించిందని ముఫస్సిర్ల వివరణ. ఆయన తల్లి హజ్రత్ సుమయ్యా (రజి) ఆ మాట అనకుండానే ప్రాణం విడిచారు. ఇస్లాం తల్లిని గౌరవించింది, కొడుకును త్రోసివేయలేదు.

'షహీద్' అనే మాటకు చంపబడినవాడనే అర్థం సిరియాక్ క్రైస్తవుల 'సాహ్దా' నుంచి వచ్చిందని కొందరు ప్రాచ్య పండితుల వాదం. అది ఎలా ఉన్నా, అరబీ మాట చరిత్ర, గ్రీకు మాట చరిత్ర ఒకే మలుపు తిరిగాయి. రెండూ సాక్ష్యంతో మొదలై చావు వైపు నడిచాయి. నేడు షహీద్ అనగానే గోడపత్రికపై రక్తపు మరక మదిలో మెదులుతుంది. కాని విశ్వాసులు ప్రజలపై సాక్షులుగా ఉండాలని 2:143 చెప్పినప్పుడు అది బ్రతికి ఉన్నవారిని ఉద్దేశించిన మాట. కలిమె షహాదత్‌లోనూ, నమాజులో కూర్చొని పఠించే తషహ్హుద్‌లోనూ ఉన్న ధాతువు అదే.

ఈ దృష్టితో చూస్తే స్ముర్న లేఖలో నిలువదగిన భాగం చితి కాదు, పావురం కాదు. గవర్నరు ఎదుట ఆ వృద్ధుడు లెక్కచెప్పిన 86 సంవత్సరాలు, పట్టుకోవడానికి వచ్చినవారికి పెట్టిన అన్నం, హింసించేవారి కోసం చేయమన్న ప్రార్థన. ఆయన నమ్మిన యాజకత్వాన్ని నమ్మనివారు కూడా ఆ సాక్ష్యాన్ని గౌరవించవచ్చు. ఈ లేఖను ఎప్పుడైనా తెలుగులోకి తెచ్చేవారు 'మార్తుస్' అన్న చోట 'సాక్షి' అని వ్రాసి, చంపబడిన సంగతిని కథకే వదిలివేస్తే మూలానికి న్యాయం జరుగుతుంది.